తప్పు కొందరిది.. తాళం అందరికీ!

ఎలక్ట్రానిక్ సిటీ (బెంగళూరు): ఒక్క గదిలో దొంగ దూరాడని లాడ్జి మొత్తానికి తాళమేస్తే? 2014లో ఇంటర్నెట్‌లో అదే జరిగింది. ఇక్కడ రేయింబవళ్లు సర్వర్లు కాసే తెలుగువాళ్లు గుర్తుంచుకోవాల్సిన సంగతి ఇది.

ఇంట్లోని కంప్యూటర్‌కు, దుకాణంలోని కెమెరాకు నెట్‌లో ఓ పేరు ఇచ్చే అమెరికా సంస్థ నో-ఐపీ. ఆ పేర్ల చాటున వైరస్‌లు నడుస్తున్నాయంటూ మైక్రోసాఫ్ట్ నెవాడా కోర్టుకెక్కింది. అవతలి వాదన వినకుండానే ఉత్తర్వులొచ్చాయి. జూన్ 30న 20కి పైగా డొమైన్లు మైక్రోసాఫ్ట్ చేతికెళ్లాయి. దొంగ పేర్లనే ఆపుతామన్నారు.. సాంకేతిక లోపంతో ఏ పాపం ఎరుగని లక్షల పేర్లూ ఆగిపోయాయి.

రోజుల్లోనే డొమైన్లు తిరిగిచ్చారు. జూలైలో రాజీ కుదిరింది. నో-ఐపీకి తెలిసి జరిగింది కాదని మైక్రోసాఫ్టే ఒప్పుకుంది. ‘ముందే ఒక్క మాట చెబితే మేమే ఆపేవాళ్లం’ అన్నది నో-ఐపీ వాదన.

వైరస్‌ను పట్టాల్సిందే. కానీ ఫిర్యాదు చేసినవాళ్ల చేతికే తాళం ఇచ్చేముందు, లోపల ఎవరున్నారో చూడొద్దా?