తోడున్నవాణ్ణి అనుమానించే లోకం

ఇద్దరు కూలీలు పనిలో చేరడానికి వచ్చారు. యజమాని వాళ్ల పని కార్డులు చూసి పేర్లు రాసుకున్నాడు. ఒకడు పొట్టిగా, చురుగ్గా ఉన్నాడు. రెండోవాడు కొండంత మనిషి, నోరు విప్పడం లేదు. ఏమడిగినా పొట్టివాడే జవాబిస్తున్నాడు. యజమానికి అనుమానం వచ్చింది. వీడి జీతం గానీ నువ్వు నొక్కేస్తున్నావా అని అడిగేశాడు. ఒకడి కోసం ఇంకొకడు ఇంత తాపత్రయపడటం తానెన్నడూ చూడలేదన్నాడు. దాంతో పొట్టివాడు అబద్ధమాడాల్సి వచ్చింది. వీడు నాకు చుట్టమనీ, చిన్నప్పుడు గుర్రం తలమీద తన్నడంతో ఇలా అయ్యాడనీ చెప్పాడు. స్నేహితుడంటే అక్కడ ఎవరూ నమ్మరని అతనికి తెలుసు.

ఈ ఒక్క సన్నివేశం ఒంటబడితే జాన్ స్టెయిన్‌బెక్ నవలిక ‘ఆఫ్ మైస్ అండ్ మెన్’ సగం అర్థమైనట్టే. అందులో పొట్టివాడు జార్జ్, కొండంత మనిషి లెన్నీ. 1937 ఫిబ్రవరిలో వచ్చిన పుస్తకం. నూరు పేజీలకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. అమెరికా బడుల్లో తరతరాలుగా పాఠంగా చెబుతున్నారు. అక్కడ హైస్కూలుకు వెళ్లే మన తెలుగు పిల్లల సంచుల్లోనూ కనిపిస్తుంది. స్నేహం, ఒంటరితనం, కల అని మూడు మాటలు నోట్సులో రాసుకుని పిల్లలు పరీక్షకు వెళ్తారు. ఆ మాటలు తప్పేమీ కాదు. కానీ ఆ కథలోని ఒంటరితనం ఎవరి స్వభావమూ కాదు. వాళ్లను ఒంటరివాళ్లను చేసింది వాళ్లు చేసే పని. జీతమిచ్చే పద్ధతి, ఊరూరూ తిప్పే పద్ధతి, పడుకోవడానికి ఇంత చోటు చూపించే పద్ధతి. ఇది పట్టించుకోకుండా ఆ నవలికను చదివితే ఇద్దరు అభాగ్యుల విషాదగాథగానే మిగిలిపోతుంది. అది అంతకన్నా పెద్ద పుస్తకమని నా నమ్మకం.

స్టెయిన్‌బెక్ 1902లో కాలిఫోర్నియాలోని సెలీనస్‌లో పుట్టాడు. కుర్రతనంలో స్ప్రెకెల్స్ చక్కెర కంపెనీ పొలాల్లో పనిచేశాడు. దుప్పటి చుట్ట భుజాన వేసుకుని పని వెతుక్కుంటూ తిరిగే కూలీల మధ్య గడిపాడు. లెన్నీ లాంటి మనిషిని నిజంగా చూశానని తర్వాత ఒక ఇంటర్వ్యూలో చెప్పాడు కూడా. నవలిక మొదటి ప్రతిలో సగాన్ని ఇంట్లో కుక్కపిల్ల నమిలేసింది. రెండు నెలల శ్రమ పోయింది. మళ్లీ కూర్చుని రాశాడు. మొదట అనుకున్న పేరు ‘సంథింగ్ దట్ హ్యాపెండ్’. ఎవరినీ నిందించకుండా జరిగింది జరిగినట్టు చెప్పాలన్నది అప్పటి ఉద్దేశం. ఇప్పుడున్న పేరు స్కాట్లండ్ కవి రాబర్ట్ బర్న్స్ 1785లో ఎలుక మీద రాసిన కవితలోది.

కథ గురువారం సాయంత్రం సెలీనస్ నది ఒడ్డున మొదలవుతుంది, ఆదివారం అక్కడే ముగుస్తుంది. మధ్యలో చోట్లు మూడే: కూలీలు పడుకునే కొట్టం, గుర్రాలు చూసుకునే క్రుక్స్ గది, గడ్డి కొట్టం. చదవడానికీ ఆడటానికీ ఒకేలా పనికిరావాలని నాటకం కొలతల్లోనే రాశాడు. అదే ఏడాది నవంబర్‌లో జార్జ్ కౌఫ్‌మన్ దర్శకత్వంలో బ్రాడ్‌వే ఎక్కింది. 1939లో లూయిస్ మైల్‌స్టోన్ సినిమా తీశాడు, 1992లో గ్యారీ సినీస్ మళ్లీ తీశాడు.

ఒక పాత పత్రిక

కూలీల కొట్టంలో ఒక్కొక్కరి మంచం దగ్గర గోడకు ఒక ఆపిల్ పెట్టె కొట్టి ఉంటుంది. సబ్బు, మందు సీసా, క్షౌరం కత్తి, ఒకటో రెండో పత్రికలు పెట్టుకోవడానికి. ఆ మనిషి ఆస్తి ఆ పెట్టెలో పట్టేంతే. జార్జ్ తన మంచం చూడగానే ముందున్నవాడి పెట్టెలో పేలు చంపే పొడి డబ్బా దొరుకుతుంది. ఇంతకుముందు ఇక్కడ పడుకున్నవాడు ఎలాంటివాడని నిలదీస్తాడు. వాడు ఎందుకు వెళ్లిపోయాడో గట్టిగా చెప్పగలిగినవాళ్లు లేరు. మనిషి వెళ్లాడు, పొడి డబ్బా మిగిలింది, అదే మంచంలోకి ఇంకో మనిషి వచ్చాడు.

ఆ కొట్టంలోనే నాకు అన్నిటికన్నా నచ్చిన చిన్న ఘట్టం ఉంది. పాఠాల్లో దీన్ని సాధారణంగా దాటేస్తారు. శుక్రవారం రాత్రి విట్ అనే కుర్ర కూలీ ఒక చౌకబారు కథల పత్రిక పట్టుకొస్తాడు. వెనక పేజీల్లో పాఠకుల ఉత్తరాలున్నాయి. అందులో ఒకటి స్లిమ్ అనే తోటి కూలీకి చూపించి చదవమంటాడు. మీ పత్రిక చాలా బాగుంటుందని ఎవరో రాసిన మామూలు ఉత్తరం. అడుగున పేరు విలియం టెన్నర్, అంటే వాళ్లెరిగిన బిల్. మూడు నెలల కిందటిదాకా ఈ పొలంలోనే విట్ పక్కన బఠానీ చేలో యంత్రం నడిపినవాడు. ఇప్పుడెక్కడున్నాడో తెలియదు. ఆ ఉత్తరం రాసింది బిల్లేనంటావా అని వాళ్లు మాట్లాడుకుంటారు. ఏదీ నన్నూ చూడనీ అంటాడు జార్జ్. విట్ పేజీ తీసి వేలుపెట్టి చూపిస్తాడు గానీ పత్రికను మాత్రం చేతికివ్వడు. ఆ తర్వాత దాన్ని భద్రంగా తన పెట్టెలో దాచుకుంటాడు.

పక్కన పనిచేసిన మనిషి నిజంగా ఉన్నాడనడానికి వాళ్ల దగ్గరున్న ఆధారం ఆ నాలుగు అచ్చు వాక్యాలే. మనిషి చిరునామా లేకుండా పోయే చోట అచ్చులో పడిన పేరు ఎంత విలువైందో స్టెయిన్‌బెక్ ఒక్క వ్యాఖ్య కూడా చేయకుండా చూపించాడు. ఇంకా గొప్ప సంగతి, ఈ ఉత్తరం వచ్చే సమయం. అదే గదిలో కార్ల్‌సన్ అనేవాడు ముసలి క్యాండీ కుక్కను కాల్చేద్దామని పట్టుబడుతున్నాడు. ముసలిదైంది, కంపు కొడుతోంది, ఎందుకూ పనికిరాదన్నది అతని వాదన. ఉత్తరం వల్ల ఆ మాట కాసేపు ఆగుతుంది, అంతే. చివరికి కుక్కను బయటకు తీసుకుపోతారు. గదిలో ఎవరూ మాట్లాడలేరు. పేక ముక్కలు కలుపుతారు గానీ ఆడరు. తుపాకీ చప్పుడు వినిపించాక క్యాండీ గోడవైపు తిరిగి పడుకుంటాడు. అతనికి ఒక చెయ్యి లేదు. ఈ పొలం పనిలోనే పోయింది. ఇప్పుడు కొట్టం ఊడుస్తున్నాడు. ఆ వాదన రేపు తనకూ వర్తిస్తుందని అతనికి ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు.

అందబోయిన కల

ఈ నవలికలో కలను జాలిగా చూసే పాఠకులే ఎక్కువ. పాపం, ఎప్పటికీ జరగని కల అంటారు. అది సరికాదు. స్టెయిన్‌బెక్ లెక్కలు వేసి మరీ రాశాడు.

జార్జ్ చూసిపెట్టిన చిన్న పొలం ఆరువందల డాలర్లకు వస్తుంది. అమ్మే ముసలివాళ్ల చేతిలో డబ్బు లేదు, ముసలమ్మకు ఆపరేషన్ కావాలి. కూలీ జీతం నెలకు యాభై. క్యాండీకి చెయ్యి పోయినందుకు ఇచ్చిన పరిహారం రెండువందల యాభై, బ్యాంకులో దాచింది యాభై, నెలాఖరుకు చేతికొచ్చేది యాభై. మొత్తం మూడువందల యాభై. జార్జ్, లెన్నీ ఒక్క నెల పైసా ఖర్చుపెట్టకుండా పనిచేస్తే వంద. నాలుగువందల యాభై అయింది! అంతవరకూ కట్టి, క్యాండీనీ లెన్నీనీ అక్కడ దింపి, మిగతాది జార్జ్ పనిచేసి తీర్చవచ్చు. ఈ లెక్క తేలాక ముగ్గురూ తెల్లబోతారు. ఇన్నాళ్లూ లెన్నీని బుజ్జగించడానికి చెప్పిన కథ, కుందేళ్లు పెంచుకునే కథ, ఒక నెల దూరంలోకి వచ్చేసింది.

ఎందుకు వచ్చింది? మూడో మనిషి కలిశాడు కాబట్టి. ఒంటరి కూలీ యాభై డాలర్లూ నెలాఖరుకు పట్నంలో తాగుడుకీ సానికొంపకీ పోతాయి. ముగ్గురు ఒకచోట నిలిస్తే అదే యాభై కొంప నిలబెడుతుంది. స్నేహం మనసుకు ఊరటేగాక అక్కడ పెట్టుబడి కూడా. అందుకే పని కార్డు చూసిన యజమానికి అది వింతగా తోచింది. మర్నాటి రాత్రి క్రుక్స్ కూడా కూడు పెడితే చాలు, జీతం లేకుండా చేస్తానని ఆ కలలో చోటడుగుతాడు. అతను నల్లవాడు. మిగతావాళ్లతో కలిసి పడుకునే హక్కు లేదు, పేకాటకు పిలుపు లేదు. జీనులూ పగ్గాలూ వేలాడే గదిలో పుస్తకాలు పెట్టుకుని ఉంటాడు. వాటిలో నలిగిపోయిన 1905 నాటి కాలిఫోర్నియా సివిల్ కోడ్ కూడా ఉంది. చట్టం చదివిన ఆ మనిషిని, యజమాని కోడలు నిన్ను చెట్టుకు వేలాడదీయిస్తానని ఒక్క మాటతో నోరు మూయిస్తుంది. అతను తన కోరికను వెనక్కి తీసుకుంటాడు.

ఆమెకు కథలో పేరే లేదు. యజమాని కొడుకు కర్లీ భార్య, అంతే. సినిమాల్లో వేషం ఇప్పిస్తానన్నవాడి ఉత్తరం కోసం ఎదురుచూసి, రాక, ఎవణ్ణో పెళ్లాడి, మాట్లాడటానికి మనిషి లేక కూలీల కొట్టం చుట్టూ తిరిగే పిల్ల. ఆమె మరణంతోనే ఆ లెక్క తలకిందులవుతుంది. శవం పక్కన నిలబడి క్యాండీ అడిగేది మనమిద్దరమైనా ఆ పొలం కొనుక్కోగలమా అనే. జార్జ్ జవాబు కూడా డబ్బు గురించే. నెలంతా పనిచేసి యాభై తీసుకుని పట్నం పోతానంటాడు. ఒంటరి కూలీల వరుసలో అతనూ చేరిపోయాడు. తర్వాత నది ఒడ్డున జరిగేది చదవనివాళ్లు చదివే తెలుసుకోవాలి.

చట్టం వదిలేసినవాళ్లు

ఇదంతా రచయిత ఊహలో పుట్టిన క్రూరత్వం కాదు. 1935లో రూజ్‌వెల్ట్ ప్రభుత్వం సంఘం పెట్టుకునే హక్కు ఇస్తూ చట్టం చేసినప్పుడు వ్యవసాయ కూలీలను మినహాయించింది. అదే ఏడాది వచ్చిన సోషల్ సెక్యూరిటీ చట్టంలోనూ వాళ్లకు చోటు లేదు. 1938 కనీస వేతన చట్టం కూడా వాళ్లను పక్కన పెట్టింది. కాలిఫోర్నియా పొలాల కూలీలకు సంఘంగా బేరమాడే హక్కు రాష్ట్ర చట్టం ద్వారా దక్కింది 1975లో. నవలిక వచ్చిన 38 ఏళ్లకు! నవలిక రాస్తున్న ఏడాదే, 1936 అక్టోబర్‌లో, స్టెయిన్‌బెక్ ‘శాన్‌ఫ్రాన్సిస్కో న్యూస్’ పత్రికకు వలసకూలీల శిబిరాలపై ఏడు వ్యాసాలు రాశాడు. ఆ పరిశీలనే తర్వాత ‘గ్రేప్స్ ఆఫ్ రాత్’ నవల అయింది.

మన దగ్గర పాలమూరు నుంచి మట్టిపనికి పోయినవాళ్లు మేస్త్రీ వెంట గుంపుగా, పెళ్లాం పిల్లలతో పోయేవారు. వాళ్ల బాధలు వేరు. స్టెయిన్‌బెక్ కొట్టానికి దగ్గరివాళ్లు కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి గల్ఫ్ వెళ్లినవాళ్లు. క్యాంపు గదిలో మంచం మీద మంచం, దిండు పక్కన ఒక సంచి, కాంట్రాక్టు అయ్యేదాకా ఒక్కడే. ఊరివాడు అదే గదిలో దొరికితే ఆ కాంట్రాక్టు కాలం ఎలా గడిచిందో వాళ్లే చెప్పాలి.

లెన్నీ విషయంలో మరో ఘోరం జరిగింది, పుస్తకం బయట. బుద్ధిమాంద్యం ఉన్నవారికి మరణశిక్ష కూడదని అమెరికా సుప్రీంకోర్టు 2002లో తీర్పిచ్చింది. ఎవరికి మాంద్యం ఉన్నట్టో తేల్చడానికి 2004లో టెక్సస్ క్రిమినల్ అప్పీళ్ల కోర్టు లెన్నీ పాత్రను ఉదహరించింది. లెన్నీ లాంటివాణ్ణి మరణశిక్ష నుంచి వదిలేయాలని టెక్సస్ ప్రజల్లో ఎక్కువమంది ఒప్పుకోవచ్చంటూ, సొంత కొలమానం ఒకటి తయారుచేసింది. ఆ కొలతకు సరిపోని ఒక ఖైదీకి 2012లో శిక్ష అమలవుతున్నప్పుడు స్టెయిన్‌బెక్ కొడుకు థామస్ బహిరంగంగా నిరసించాడు. తన తండ్రి బతికుంటే కోపంతో, సిగ్గుతో రగిలిపోయేవాడన్నాడు. 2017లో సుప్రీంకోర్టు ఆ కొలమానాన్ని కొట్టేసింది. లెన్నీకి బుద్ధి ఎంత తక్కువో కొలవమని స్టెయిన్‌బెక్ ఎక్కడా అడగలేదు. పెంచిన క్లారా అత్త పోయాక అంత పెద్ద దేశంలో వాడికి దిక్కు జార్జ్ ఒక్కడే ఎందుకయ్యాడన్నది ఆ పుస్తకం అడిగే ప్రశ్న.

జార్జ్ మొదటినుంచీ మంచివాడేం కాదు. ఒకప్పుడు నలుగురి ముందు గొప్పకోసం నదిలో దూకమంటే లెన్నీ దూకేశాడు. ఈత రాదు. మునిగిపోతున్నవాణ్ణి జార్జే బయటకు లాగాడు. దూకమన్న సంగతి మరిచిపోయి, లాగినందుకు లెన్నీ కృతజ్ఞతలు చెప్పాడు. ఆ రోజు నుంచి జార్జ్ వాడితో ఆటలాడటం మానేశాడు. స్నేహమంటే ఇక్కడ ఒక నిర్ణయం, రోజూ విసుక్కుంటూనే నిలబెట్టుకున్న నిర్ణయం. ఆ విసుగును దాచకుండా రాయడం వల్లే ఈ స్నేహాన్ని నేను నమ్ముతాను.

ఈ పుస్తకాన్ని బడుల్లోంచి తీసేయాలని అమెరికాలో ఎన్నోసార్లు ఫిర్యాదులు వచ్చాయి. బూతులున్నాయనీ, నల్లవారిని దూషించే మాట పదేపదే వస్తుందనీ. రెండో అభ్యంతరం న్యాయమైనదే. క్లాసులో ఒకే ఒక్క నల్ల విద్యార్థి ఉంటే, ఆ మాట పైకి చదివే టీచరు ఎంత జాగ్రత్తగా ఉండాలి! పుస్తకాన్ని తీసేయడం దానికి మందు కాదు. క్రుక్స్ గదిని పాఠం మధ్యలోకి తెచ్చి మాట్లాడటమే మందు.

మీ పిల్లల చేతిలో ఈ పుస్తకం కనిపిస్తే పక్కన కూర్చుని మీరూ చదవండి, ఒక్క ఆదివారం చాలు. ఇతివృత్తాల జాబితా బడిలో ఎలాగూ చెబుతారు. మీరు మాత్రం ఆ ఆరువందల డాలర్ల లెక్కను కాగితం మీద వేయించండి. విట్ ఆ పత్రికను ఎందుకు చేతికివ్వలేదో అడగండి. ఇంట్లో దుబాయ్‌లోనో మస్కట్‌లోనో క్యాంపు గదిలో బతికి వచ్చిన బాబాయో మేనమామో ఉంటే ఆయన్నీ పిలవండి. గైడులో లేనివి ఆయన చాలా చెబుతాడు.