వజ్రాల వాన

తొలకరి పడగానే రాయలసీమలోని వజ్రకరూరు, జొన్నగిరి పొలాల్లో జనం వజ్రాల కోసం వెతుకుతారు. మరి వజ్రాలే వానగా కురిస్తే? యురేనస్, నెప్ట్యూన్ గ్రహాల లోపల అలా జరుగుతూ ఉండవచ్చని శాస్త్రవేత్తల అంచనా.

ఆ గ్రహాల్లో మీథేన్ ఉంది. మీథేన్ అంటే కార్బన్, హైడ్రోజన్ అని మనం చదువుకున్నాం. వేల కిలోమీటర్ల లోతున విపరీతమైన వేడికి, ఒత్తిడికి అవి విడిపోతాయి. మన పెన్సిల్ ముల్లులో ఉండే కార్బనే అక్కడ నలిగి వజ్రమై, బరువుకు ఇంకా లోతుకు రాలుతుంది.

దీన్ని పరీక్షించడానికి 2017లో కాలిఫోర్నియాలోని ఒక ప్రయోగశాలలో కార్బన్, హైడ్రోజన్ ఉన్న ప్లాస్టిక్‌ను లేజర్లతో అదిమారు. కంటికి కనిపించనంత చిన్న వజ్రాలు పుట్టాయి!

ఆ గ్రహాల పక్కనుంచి ఇంతవరకు వాయేజర్-2 ఒక్కటే వెళ్లింది. లోపలి వజ్రాలను ఎవరూ చూడలేదు. ఆ రుజువు తెచ్చేది మనలో ఒకరు కావచ్చు.