సెకన్లలో కొలిచే లోతు

కృష్ణా–గోదావరి బేసిన్ సీస్మిక్ చిత్రం చూపిస్తే చాలామంది భూమిని నిలువునా కోసి తీసిన ఫొటో అనుకుంటారు. నిజానికి అందులో పైనుంచి కిందికి ఉన్నవి మీటర్లు కావు, సెకన్లు. శబ్దం కిందికి వెళ్లి తిరిగి రావడానికి పట్టిన కాలమది.

సర్వే ఓడ వెనక నీళ్లలో ఎయిర్ గన్లు కొద్ది సెకన్లకోసారి గాలిని ఒక్క ఉదుటున వదులుతాయి. ఆ శబ్దం నీటిని దాటి నేలలోకి దిగుతుంది. రాతి సాంద్రతో, అందులో శబ్దవేగమో మారిన ప్రతిచోటా కొంత వెనక్కి వస్తుంది. కిలోమీటర్ల పొడవున ఓడ లాక్కెళ్లే కేబుళ్లలోని హైడ్రోఫోన్లు దాన్ని పట్టుకుంటాయి. నీటిలో శబ్దవేగం సెకనుకు సుమారు 1,500 మీటర్లు. కాబట్టి రెండు సెకన్లకు ప్రతిధ్వని వచ్చిందంటే సముద్రం అడుగు 1,500 మీటర్ల లోతున ఉన్నట్టు. అక్కడి నుంచి కిందికే అసలు చిక్కు. రాతిరాతికీ వేగం వేరు. సముద్రగర్భంలో లోయ ఉంటే దాని కింద పొరలు కుంగినట్టు కనిపిస్తాయి. అవి కుంగలేదు, పైన శబ్దం నెమ్మదిగా సాగే నీరు ఎక్కువైంది, అంతే.

ఇంత తిరకాసు ఉన్నా, ఈ తీరం ఎలా పుట్టిందో చెప్పగలిగింది ముఖ్యంగా ఈ చిత్రాలే. సుమారు 13 కోట్ల ఏళ్ల కిందట మన తూర్పు తీరం అంటార్కిటికా నుంచి విడిపోయింది. విడిపోయే ముందు నేల సాగి, ఈశాన్యం నుంచి నైరుతికి బారులుగా పగిలింది. కొన్ని దిమ్మెలు కుంగి గ్రాబెన్లయ్యాయి, మధ్యలో నిలిచినవి హార్స్టులు. వీటికి దాదాపు అడ్డంగా, అంతకంటే ఎంతో పాత చీలిక ఇంకొకటి ఉంది. సింగరేణి బొగ్గు దొరికే ప్రాణహిత–గోదావరి లోయ అదే.

చిత్రంలో పొరలు ఉన్నట్టుండి తెగితే అక్కడ భ్రంశం, అంటే నేల పగిలి జారిన చోటు, ఉందని ఎవరైనా పోల్చుకుంటారు. అది ఎప్పుడు కదిలిందో తెలుసుకోవడంలోనే అసలు నేర్పుంది. ఓరగా పట్టిన కంచంలో చారు ఒక పక్కకే చేరినట్టు, దిమ్మె వాలుతూ ఉండగా పడిన ఒండ్రు భ్రంశం వైపు మందంగా, అవతల పలచగా పేరుకుంటుంది. ఆ ముక్కోణపు పొరలు కనిపించాయంటే అవి చీలిక సాగుతున్న కాలానివని అర్థం. వాటిపైన భ్రంశాలను లెక్కచేయకుండా పరుచుకున్న పొరలు, కదలిక ఆగాక వచ్చినవి. చమురు వెతికేవారికి ఈ తేడా కీలకం. చీలిక కాలపు పల్లాల్లో బురదతో చేరిన సేంద్రియ పదార్థం, లోతుకు దిగి వేడెక్కాక చమురూ గ్యాసూ అవుతుంది.

నాకు మాత్రం ఎక్కువ ఆసక్తి ఈ పద్ధతి తడబడే చోట్ల మీదే. రాజోలు ప్రాంతపు భూగర్భంలో దక్కను లావాల కాలం నాటి బసాల్టు ఉంది. అలాంటి రాయి తగిలితే శబ్దశక్తిలో చాలా భాగం పైకే తిరిగిపోతుంది. మిగిలిందీ చెదిరిపోయి, అడుగు పొరలు మసకబారతాయి. తక్కువ పౌనఃపున్యపు తరంగాలు కొంత లోతుకు పోతాయి గానీ సన్నని పొరలను విడదీసి చూపలేవు. అందుకే గురుత్వ, అయస్కాంత కొలతలు కూడా పక్కన పెట్టుకుని చూస్తారు. చివరికి ఒక బావి తవ్వి, అందులో శబ్దవేగం కొలిచి, ఏ సెకను ఏ మీటరో అక్కడికక్కడ సరిచూసుకుంటారు.