ప్రథమాధ్యక్షుని సీమలో

కర్నూలు వద్ద తుంగభద్రను దాటినంతనే నడిగడ్డ సీమ ఆరంభమగును. ఒక ప్రక్క తుంగభద్ర, మరొక ప్రక్క కృష్ణ. నడుమ నున్నది గనుక దానికా పేరు. ఒకనాటి గద్వాల సంస్థానము ఈ గడ్డమీదిదే. ఆంధ్ర మహాసభకు ప్రథమాధ్యక్షులైన శ్రీ సురవరము ప్రతాపరెడ్డిగారి స్వగ్రామము ఇటికాలపాడు ఈ సీమలోనే యున్నది. ఆయన 1896 మే 28వ తేదీన మాతామహుల యూరైన బోరవెల్లిలో జన్మించిరి.

ఇచ్చటినుండి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలులను చూచి వచ్చుట కొక్క దినము చాలును. దారిలో ముందుగా కన్నులకు కట్టునవి రాజుల కట్టడములు. గద్వాల కోటను సోమభూపాలుడు కట్టించెను. లోపల చెన్నకేశవస్వామి యాలయ మున్నది. మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ పేరిట కళాశాలయు ఆ కోటలోనే వెలసినది. పండితుల నాదరించిన సంస్థానము గనుక దీనిని 'విద్వద్గద్వాల' యనిరి.

కోటను చూచిన విద్యార్థి దానిని కట్టించిన రాజెవరని యడుగును. అడుగవలసినదే. కాని ఆ రాళ్లను మోసినవారు ఏమి తినిరి? ఏమి కట్టిరి? తీరికవేళ ఏ యాటలాడిరి? ఈ ప్రశ్నలు ప్రతాపరెడ్డిగారివి. వాటికి వారు వెదకిన సమాధానమే 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'. రాజుల దండయాత్రలను ప్రక్కనుంచి, క్రీడాభిరామము, హంసవింశతి మున్నగు కావ్యములనే సాక్షులుగా నిలిపి, జనుల తిండిని, బట్టను, వేడుకలను, నమ్మకములను అందు వర్ణించిరి. తెలుగులో మొట్టమొదటి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము 1955లో ఆ గ్రంథమునకే లభించినది. అప్పటికి గ్రంథకర్త లేరు. 1953 ఆగస్టు 25న కీర్తిశేషులైరి.

బీచుపల్లి వద్ద కృష్ణను దాటి పెబ్బేరు మీదుగా పోయినచో వనపర్తి. అచ్చటి రాజభవనములో పాలిటెక్నిక్ కళాశాలను 1959లో నెహ్రూ ప్రారంభించిరి. అంతకుముందే, 1952 ఎన్నికలలో, వనపర్తి ప్రజలు ప్రతాపరెడ్డిగారిని హైదరాబాదు శాసనసభకు పంపిరి. రాజు మాటయే శాసనమైన యూరిలో జనుల ఓటు చెల్లిన తొలి దినములవి.

ఆ దినములు ఊరక రాలేదు. 1921లో హైదరాబాదున జరిగిన యొక సభలో ఆలంపల్లి వేంకటరామారావు తెలుగున మాటలాడబోగా సభికులు గేలిచేసిరి. ఆ యవమానమునుండి ఆంధ్ర జనసంఘము పుట్టినది. 1926లో ప్రతాపరెడ్డిగారు గోలకొండ పత్రికను స్థాపించిరి. 1930లో జోగిపేటలో జరిగిన ప్రథమాంధ్ర మహాసభకు అధ్యక్షత వహించిరి. తెలంగాణమున కవులు లేరన్న మాట వినవచ్చినప్పుడు వాదమునకు దిగి కాలము గడుపలేదు. 354 మంది కవుల రచనలతో 1934లో 'గోలకొండ కవుల సంచిక'ను వెలువరించిరి. నిందకు గ్రంథముతో బదులు చెప్పుట వారి పద్ధతి.

నాగర్‌కర్నూలు చేరువనున్న నంది వడ్డెమాను ఒకనాటి వర్ధమానపురము. రంగనాథ రామాయణ కర్తయైన గోన బుద్ధారెడ్డి వంశమువారి కది రాజధాని. నేడది యొక పల్లె. రాజధాని పల్లెయైనను ద్విపద కావ్యము మాత్రము నిలిచినది.

ఇటికాలపాటిలో చూడదగిన కోట లేదు. హైదరాబాదులోని తెలుగు విశ్వవిద్యాలయమునకు 2025లో ప్రతాపరెడ్డిగారి పేరు పెట్టిరి. అది తగిన గౌరవమే. కాని ఆయన మిగిల్చిన పని యింకను బడులలో జరుగవలసియున్నది. ఈ మూడు జిల్లాల పల్లెలలో మోటకు సంబంధించిన మాటలు, మానిక, సోల, తవ్వ యను కొలతలు, జొన్న గటుక వండు తీరు, వామనగుంట లాడు విధము ఎరిగిన వృద్ధులు నానాటికి తగ్గిపోవుచున్నారు. విహారయాత్రకు వచ్చిన ఉపాధ్యాయుడు కోట చూపిన పిమ్మట పిల్లలను ఒక్క గడియ ఊరి రచ్చబండకడకు తీసికొనిపోయి, అచ్చటి పెద్దల మాటలను వ్రాసికొమ్మనవలెను. కోట రేపును ఉండును. ఆ పెద్దలు ఉందురని చెప్పలేము.