ఆటలో నాయకుడు, ఇంటిలో గృహిణి

ఆటల వార్తలు పురుషుల కాలక్షేపమనియు, గృహిణులకు వానితో నిమిత్తము లేదనియు తలచువారు నేటికిని కొందఱు కలరు. ఉదయమున పత్రిక రాగానే ఆటల పుటను మగవారు తీసికొనుటయు, తక్కిన పుటలు వంటపని ముగిసిన పిమ్మట మన చేతికి వచ్చుటయు పెక్కు గృహములలో వాడుక. అయినను 2025 నవంబరు 2వ తేదీని నవీ ముంబయిలో మన దేశపు స్త్రీలు దక్షిణాఫ్రికా జట్టును 52 పరుగుల తేడాతో ఓడించి, క్రికెట్ ప్రపంచ కప్పును తొలిసారి గెలిచిన నాటినుండి ఆ వాడుక కొంత సడలినది. కడప సీమ బిడ్డయగు శ్రీచరణి బంతి వేయుచుండగా, మా వీధిలోని పెద్ద ముత్తైదువలు సయితము టీవీ ముందు కదలక కూర్చుండిరి. ఆ విజయమును గూర్చి వ్రాయువారు పలువురు కలరు. మేము వ్రాయదలచినది దాని వెనుక కానవచ్చిన వేఱొక గుణమును గూర్చి.

ఆ కడపటి పోటీకి ముందు, అక్టోబరు 30వ తేదీని, మనవారు ఆస్ట్రేలియా జట్టుతో తలపడిరి. వారు చేసిన 338 పరుగులను దాటుట కష్టమని పలువురు నిరాశ చెందియుండగా, జెమీమా రోడ్రిగ్స్ 127 పరుగులతో తుదివఱకు నిలిచి జట్టును గెలిపించినది. ఆట ముగిసిన పిదప ఆమె కన్నీటితో ఒక సంగతి వెల్లడించినది. ఆ పోటీల దినములలో తన మనస్సు ఆందోళనతో క్రుంగిపోయినదనియు, తల్లితో ఫోనులో మాటలాడుచు ఏడ్చినదనియు, తోడి క్రీడాకారిణులు తనను కనిపెట్టుకొని యుండిరనియు ఆమె మాటల సారము. అట్లు తోడుండిన వారిలో ఆమె తలచుకొన్న పేర్లలో హైదరాబాదు యువతి అరుంధతీ రెడ్డి పేరొకటి. ఆ అరుంధతికి ఆ ప్రపంచ కప్పులో ఒక్క పోటీయందైనను బరిలోనికి దిగు అవకాశము రాలేదు. తనకు ఆట దొరకని దినములలోనే, ఆట దొరికియు క్రుంగియున్న తోటిదానికి ఆమె భుజమిచ్చినది. పరుగుల పట్టికలో ఈ పనికి గడి లేదు. కాని ఈ పని లేనిచో ఆ 127 పరుగులు ఉండెడివా యని ఆలోచించుట మంచిది.

చూచెడి మనకు ఆట వినోదము. ఆడెడివారికి అది ఉద్యోగము. జీతము, సెలవు, దెబ్బ, పై అధికారి కోపము, జాబితానుండి పేరు తొలగుట మున్నగునవన్నియు అచట కలవు. కావున పనిచేయు చోట దయకు తావుండవచ్చునా యను ప్రశ్నకు ఆటస్థలము మంచి అద్దము. మా విజయనగర శ్రీకాకుళ సీమల చరిత్ర ఈ విషయమున రెండు విధముల సాక్ష్యము చెప్పుచున్నది.

మొదటిది విజయనగర రాజవంశపు కథ. ఆ వంశమున 1905లో కాశీలో జన్మించిన విజయానంద గజపతిరాజును క్రికెట్ లోకము ‘విజ్జీ’ యని పిలిచెను. ఆయనకు ఆటపై మిక్కిలి మక్కువ. 1930-31లో ఇంగ్లండునుండి హాబ్స్, సట్‌క్లిఫ్ అను ప్రఖ్యాత ఆటగాండ్రను తన జట్టులో ఆడుటకు పిలిపించిన దాత ఆయన. 1936లో ఇంగ్లండునకు వెళ్లిన భారత జట్టుకు నాయకుడయ్యెను. ఆ జట్టులో లాలా అమర్‌నాథ్ అను యువకుడు కలడు. టెస్టు పోటీలలో భారతీయుడు చేసిన తొలి నూఱు పరుగుల ఆట 1933లో బొంబాయియందు అతడు ఆడినదే. ఇంగ్లండులోను అతడు బాగుగ ఆడుచుండెను. కాని వెన్నునొప్పి బాధించుచుండగా విశ్రాంతి కోరినను దొరకలేదు. లార్డ్స్ మైదానమున జరిగిన యొక పోటీలో, బ్యాటు పట్టి సిద్ధముగా నున్న అతనిని చాలసేపు కూర్చుండబెట్టి, ప్రొద్దు గ్రుంకుటకు కొలది నిమిషముల ముందు పంపిరి. తిరిగి వచ్చిన అతడు కోపముతో సామగ్రిని విసరి తన భాషలో ఏదో పలికెను. అంతమాత్రమునకే, ఒక్క టెస్టయినను ఆడకమునుపే, అతనిని ఓడనెక్కించి స్వదేశమునకు పంపివైచిరి. జట్టు మూడు టెస్టులలో రెండింట ఓడెను. పిదప జరిగిన విచారణలో నాయకత్వపు లోపములే బయటపడెను. దేశము స్వతంత్రమైన పిమ్మట 1947లో ఆస్ట్రేలియాకు వెళ్లిన జట్టునకు ఆ అమర్‌నాథే నాయకుడయ్యెను.

ఈ కథను నిందకై చెప్పుట లేదు. ఇందు గ్రహింపదగిన సూక్ష్మ మొకటి కలదు. దానము వేఱు, దయ వేఱు. విజ్జీ ధనమును ఆటకొఱకు ధారపోసెను; అది దానము. నొప్పితో నున్న పనివాని మొగము చూచి వాని మాట వినుట దయ. మొదటిదానికి చేతిలో సొమ్ముండిన చాలును. రెండవదానికి చేతిలోని అధికారమును క్షణకాలము ప్రక్కన పెట్టవలెను. పండుగకు పనిమనిషికి క్రొత్త చీర పెట్టి, జ్వరము వచ్చిన దినమున ఆమె రాలేదని కసరుకొను ఇల్లాండ్రను మనము ఎఱుగమా? వారు దానము చేయువారే.

రెండవ సాక్ష్యము ఆమదాలవలస సమీపమునందలి ఊసవానిపేటది. 1975లో జన్మించిన కరణం మల్లేశ్వరి అచటి బిడ్డ. తండ్రి రైల్వే రక్షక శాఖలో కానిస్టేబులు. ఇంట ఆడుపిల్లలు పలువురు. బరువులెత్తు విద్య నేర్చుకొందునని పోయినప్పుడు, ఆమె సన్నని దేహమును చూచి శిక్షకుడు మొదట వలదనెను. తల్లి శ్యామల మాత్రము నీవు చేయగలవని ధైర్యము చెప్పినది. ఒక చిన్న యింటిలో, కానిస్టేబులు జీతముపై, ఇరుగుపొరుగు ఆడుపిల్లకు బరువులేలయని అడుగుచుండగా, ఒక తల్లి పలికిన ఆ మాట విలువ ఎంతయో 2000 సెప్టెంబరు 19వ తేదీని సిడ్నీలో తెలిసినది. స్త్రీలకు బరువులెత్తు పోటీ ఒలింపిక్సులో పెట్టుట అదే మొదలు. మల్లేశ్వరి ఒక్క ఊపున తలపైకెత్తు పద్ధతిలో 110 కిలోలును, భుజములమీద నిలిపి ఎత్తు పద్ధతిలో 130 కిలోలును, మొత్తము 240 కిలోలు ఎత్తి, ఒలింపిక్సులో పతకము గెలిచిన తొలి భారతీయ స్త్రీ యయ్యెను. చివరి యత్నమున 137.5 కిలోలకు తలపడి ఎత్తలేకపోయినది. బంగారు, వెండి పతకములు పొందినవారు ఎత్తినది 242.5 కిలోలు, తేడా రెండున్నర కిలోలు మాత్రమే.

ఆ రెండున్నర కిలోలను గూర్చి నాడు పలువురు పలువిధముల లెక్కలు వేసిరి. తక్కువ బరువు అడిగియుండిన బాగుండెడిదని కుర్చీలలో కూర్చున్నవారు తీర్పు చెప్పిరి. బరువు క్రింద నిలిచినవారి మోకాళ్లు ఎట్లు వణకునో కుర్చీకి తెలియదు. 2001లో ఆమె తల్లియైనది. మరల బరువులెత్తుటకు సిద్ధపడినది. 2002లో తండ్రి మరణముచే కామన్వెల్తు క్రీడలకు పోలేదు. 2004లో ఏథెన్సునకు పోయి పతకము లేక తిరిగివచ్చి ఆట విరమించినది. ఆమె పుట్టిన సీమలోనే, విజయనగరము చెంత కొండవెలగాడ గ్రామపు యువతి మత్స సంతోషి 2014లో గ్లాస్గో కామన్వెల్తు క్రీడలలో 53 కిలోల తరగతియందు పతకము తెచ్చినది. ఒక తల్లి వేసిన విత్తు ఒక యింటితో ఆగదు.

ఇచట ఒక సందేహము కలుగవచ్చును. దయ చూపుటయనగా లెక్క తగ్గించుటయా? కాదు. 130 కిలోలు ఎత్తినవానికి దయతో 137 అని వ్రాసిన యెడల అది ఆటకును అవమానము, ఆడినవారికిని అవమానము. ఇనుము ఎవరి కన్నీటికిని తేలిక కాదు, కారాదు. దయకు తావు వేఱుచోట నున్నది. బరువు ఎత్తుటకు ముందు వలసిన తిండి, నిద్ర, ధైర్యము, దెబ్బ తగిలినప్పుడు సెలవు, ఓడిన సాయంకాలమున ప్రక్కన ఒక మనిషి: ఇవి దయ చేయగల పనులు. నియమమును సడలించుట కాక, నియమమును పాటించుటకు మనిషికి శక్తి నిచ్చుట దయ.

ఆ దయ ఒకరి మంచితనముపైననే ఆధారపడియుండరాదు, ఏర్పాటుగా మాఱవలెను. ఇందుకు మన పొరుగుదేశమే చక్కని ఉదాహరణము. 2021లో పాకిస్తాను క్రికెట్ మండలి, తల్లులగు క్రీడాకారిణులకు పండ్రెండు నెలలవఱకు జీతముతో సెలవును, ప్రయాణములలో బిడ్డను చూచుకొనుటకు తోడు మనిషిని అనుమతించు నియమము చేసెను. ఆ యేర్పాటువలననే జట్టు నాయకురాలు బిస్మా మారూఫ్ తన పసిబిడ్డతోను, తల్లితోను 2022లో న్యూజీలాండునకు ప్రపంచ కప్పు ఆడబోయెను. మార్చి 6వ తేదీని మనవారు ఆ జట్టును ఓడించిన పిమ్మట, మన బాలికలు ఆ పసిపాప చుట్టు చేరి ఆడించిరి. రెండు దేశముల నడుమ ఎన్ని తగవులున్నను, పాప నవ్వునకు సరిహద్దు లేదు. ఆ చిత్రమును చూచి మెచ్చని తల్లి లేదు. కాని ఆ పాప అచటికి వచ్చుటకు కారణము ఒక కాగితముపైని నియమమని మనము మఱవరాదు.

మన దేశమునను ఇట్టి నియమములు కలవు. 1961 నాటి చట్టమున 12 వారములుగా నుండిన ప్రసూతి సెలవు 2017లో 26 వారములైనది. కాని పదిమందికి తక్కువ పనివారుగల చోట్లకు ఆ విధి వర్తింపదు. మన యిండ్లలో అంట్లు తోమి, వాకిలి ఊడ్చు స్త్రీకి మన గడపలోపల ఆ చట్టము రాదు. అచట చట్టము మనమే, నాయకుడు మనమే. విజ్జీ చేతిలోని అధికారమంతయు, కొలతలో చిన్నదైనను, స్వభావమున అదియే, మన కొంగుముడిలో నున్నది.

విరాటపర్వము చదివిన సోదరీమణులకు సుధేష్ణ జ్ఞప్తికి రాకమానదు. సైరంధ్రి యను పేరున ద్రౌపది ఆమె కొలువున పనిచేయుచుండెను. కీచకుని యింటికి పోజాలనని, తనకు అచట కీడు కలుగునని, వేఱెవరినైనను పంపుమని ఆ పనికత్తె ఎంత వేడుకొన్నను రాణి వినక, కల్లు తెమ్మని పాత్రనిచ్చి పంపెను. సుధేష్ణ క్రూరురాలు కాదు. సైరంధ్రిని ఆదరముతోనే చేర్చుకొన్నది. కాని తనవారికి, పనివారికి నడుమ ఎంచుకొనవలసిన గడియలో ఆమె చెవి మూతపడినది. ఒక మాట వినకపోవుటవలన ఆ రాజగృహమున ఎంతటి అనర్థము పుట్టెనో కథ యెఱిగినవారికి చెప్పనక్కఱలేదు.

మా యింట పనిచేయు స్త్రీ క్రిందటి యేడు ఒకనాడు, “అమ్మగారూ, మా గుంట పరుగు పందేలకెల్తంది. రెండు దినాలు రానమ్మా, జీతం కోసుకోండి” అనెను. బడిపిల్లల పందెములు పొరుగూరిలో జరుగుచుండెను. జీతము కోయు మాట వలదని చెప్పి పంపితిమి. ఆ బాలిక మొదటి పరుగులోనే వెనుకబడెను. తిరిగి వచ్చిన తల్లిని చూచి పొరుగింటామె, “ఓడిపోవుటకా రెండు దినములు పని మానితివి?” యని నవ్వెను. దానికి ఆమె, “నానెల్లకపోతే అది ఎవులి కాడ ఏడుస్తాదమ్మా?” యని పలికి బిందె తీసికొని నూతి దగ్గఱకు పోయెను. మేము చదివిన గ్రంథములలో దయకు లక్షణములు పెక్కు చూచితిమి. ఇంత సూటియైన దానిని చూచిన జ్ఞాపకము లేదు. గెలిచిన బిడ్డకు దండలు వేయువారు ఊరంతయు నుందురు. ఓడిన బిడ్డకు ఒక్క ఒడి చాలును. కాని ఆ ఒడికి ఆ దినమున సెలవు దొరకవలెను.

దయ చూపిన పనివారు నెత్తికెక్కుదురని కొందఱు అందురు. నిజమే, ఏ నియమమును లేక, ఒకనాడు నవ్వి ఇచ్చి, మఱునాడు కసరి త్రిప్పిన యెడల ఎవరికైనను హద్దు తెలియదు. అందుచేతనే దయను ఏర్పాటుగా మార్చుకొనవలెననుచున్నాము. వారమునకొక దినము సెలవు ముందే చెప్పియుంచుట, జ్వరమువచ్చిన దినములకు జీతము కోయకుండుట, ప్రసవ సమయమున పని పోదని మాట యిచ్చి నిలుపుకొనుట, పిల్లల పరీక్షలకును పందెములకును ఏటికి నాలుగైదు దినములు విడుచుట: ఇవి ధనవంతులే చేయదగినవి కావు. బడిపంతులు జీతముతో నడచు మా సంసారమున చేయగలిగినవి తక్కిన గృహములలోను చేయవచ్చును. గోడకు వ్రేలాడు క్యాలెండరుపై ఆ దినములు గుర్తు పెట్టిన యెడల అడుగువారికి సంకోచముండదు, ఇచ్చువారికి విసుగుండదు.

ఉద్యోగము చేయు కోడండ్రు, కుమార్తెలు గల గృహములలో ఇంకొక మాట. వారు సాయంకాలము ఇంటికి వచ్చునప్పటికి పై అధికారి మాటలు ఎన్ని పడి వచ్చిరో మనకు తెలియదు. రాగానే లెక్క అడుగక, ఒక గ్లాసు మజ్జిగ చేతికిచ్చి కొంతసేపు ఊరకుండుట కష్టమైన పని కాదు. జెమీమాకు అరుంధతి చేసినది ఇంతకంటె పెద్దది కాదు.

ఆడుపిల్లలను ఆటలకు పంపుడని వ్రాయువారు నేడు పలువురు. మేమును ఆ మాటే చెప్పుదుము. దానితోబాటు, గెలుపు వార్త చదివిన ప్రతిసారి, ఆ గెలుపునకు ఎవరెవరు సెలవిచ్చిరో, ఎవరు ధైర్యము చెప్పిరో అడుగుట అలవాటు చేసికొనుడు. ఆ పిదప, మన గడపలో పనిచేయు స్త్రీకిని ఒక కూతురుండునని, ఆ కూతురునకును ఒక పందెముండునని తలచుకొనుడు.