దూరమునుండి యంత్రముల యోగక్షేమము



మా గ్రామపు సహకార పరపతి సంఘమున కంప్యూటరు ప్రవేశించిన కొలది నెలలకు పాలకవర్గపు పెద్దలొకరు నాయొద్దకు వచ్చి యొక ప్రశ్న వేసిరి. ‘‘మాస్టారూ, నిన్న మధ్యాహ్నము సంఘపు కంప్యూటరు మొరాయించినది. కార్యదర్శి యెవరికో ఫోను చేసెను. పావుగంటలో తెరమీది బాణపుగుర్తు తనంతట తానే కదలుచు, అక్కడ నొకటి తెఱచి యిక్కడ నొకటి మూసి, యంత్రమును బాగుచేసి పోయినది. గదిలో నేనును కార్యదర్శియు దప్ప మూడవవాడు లేడు. ఆ కదలించినవాడు ఎవడు? ఎక్కడ కూర్చున్నాడు? వాడు మన లెక్కలు చూడగలడా?’’ అని. ముప్పదియైదేండ్లు బడిపంతులుగా నుండియు నేను వెంటనే సమాధానము చెప్పలేకపోతిని. నా మేనల్లుడు హైదరాబాదున నిట్టి యుద్యోగమే చేయుచున్నాడు. అమెరికాలోని కార్యాలయముల కంప్యూటర్లను రాత్రులు మేలుకొని కనిపెట్టుట వాని పని. వానియొద్ద నాలుగు దినములు కూర్చుండి తెలిసికొన్నదానిని నేడు మీకు మనవి చేసెదను.

మీలో పలువురు సహకార సంఘములకు పెద్దలు. 2022 జూన్ 29వ తేదీన కేంద్ర మంత్రివర్గము దేశమందలి 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములకు కంప్యూటర్లు సమకూర్చుటకై 2,516 కోట్ల రూపాయల పథకము నామోదించినది. తరువాత ఆ సంఖ్య యింకను పెరిగినది. ఊరూర యంత్రము వెలసినప్పుడు ఊరూర మరమ్మతుదారుడు వెలయడు గదా! ఒక్క మనుష్యుడు ఒకచోట కూర్చుండి వందలకొలది యంత్రముల బాగోగులు చూచుట తప్పనిసరి యగును. అందులకై పుట్టిన సాఫ్టువేరును ‘రిమోట్ మానిటరింగ్ అండ్ మేనేజ్‌మెంట్’ అందురు. ఆ పనివారు పొడి యక్షరములతో ఆర్.ఎం.ఎం. అని పిలుతురు. దూరమునుండి కనిపెట్టుట, దూరమునుండి చక్కబెట్టుట యను రెండు పనులు ఆ పేరిటనే యిమిడియున్నవి.

ఇది పనిచేయు తీరు బడి నెఱిగినవారికి సులభముగా బోధపడును. ప్రతి తరగతికిని ఒక పెద్ద యుండును. పంతులు లేనప్పుడు ఎవరు వచ్చిరి, ఎవరు రాలేదు, ఎవరికి జ్వరము వచ్చినది అని వాడు గమనించి ప్రధానోపాధ్యాయునకు నివేదించును. అట్లే ప్రతి కంప్యూటరులోను ఒక చిన్న ప్రోగ్రామును ప్రతిష్ఠింతురు. దానిని ఏజెంటు అందురు. డిస్కులో చోటెంత మిగిలినది, నిన్నటి బ్యాకప్పు పూర్తియైనదా లేదా, వైరసును పట్టు ప్రోగ్రాము మేలుకొనియున్నదా నిద్రించుచున్నదా, ఏ సాఫ్టువేరు పాతబడినది అను సమాచారమును అది యెడతెగక కేంద్రమునకు పంపుచుండును. ఇందొక చమత్కారము కలదు. కేంద్రము వచ్చి కార్యాలయపు తలుపు తట్టదు. ఏజెంటే లోపలినుండి బయటకు పోయి, ‘‘నాకేమైన ఆజ్ఞ యున్నదా?’’ అని అడుగును. కావున బయటివారికై కార్యాలయపు ద్వారము తెఱచి యుంచవలసిన పనిలేదు. కొన్ని నిమిషములు ఏజెంటు పలుకకున్నచో, హాజరుపట్టీలో గైరుహాజరు పడినట్లు, కేంద్రపు తెరమీద ఆ యంత్రపు పేరు ఎఱ్ఱబడును.

ఈ హాజరు పిలుచుట నేటిది కాదు. 1983 డిసెంబరులో అమెరికా సైన్యపు పరిశోధనాలయమున మైక్ మ్యూస్ అనువాడు ‘పింగ్’ అను చిన్న ప్రోగ్రామును వ్రాసెను. సముద్రగర్భమున నౌకలు శబ్దమును పంపి ప్రతిధ్వనినిబట్టి దూరము తెలిసికొనుట వలన దానికా పేరు వచ్చినది. ‘ఉన్నావా?’ అని యడుగుటయు ‘ఉన్నాను’ అని వినుటయే దాని పని. 1988లో ఎస్.ఎన్.ఎం.పి. అను నియమావళి యేర్పడి, యంత్రములు ఉన్నానని పలుకుటయే గాక తమ యవస్థను అంకెలలో చెప్పుట నేర్చినవి. తరువాతి కథయంతయు ఈ రెండింటి విస్తరణమే యనవచ్చును.

తెలిసికొనుట యొకటి, తెలిసినదాని యర్థము గ్రహించుట యొకటి. తర్కము చదువుకొన్న వారికి పర్వతముమీది పొగను చూచి నిప్పును ఊహించు ఉదాహరణము పరిచితమే. పొగమంచును చూచి పొగ యనుకొన్నచో అనుమానము చెడును. ఈ విద్యలో మొదటినుండి వేధించినది ఆ పొగమంచే. డిస్కు తొంబదిపాళ్లు నిండినచో హెచ్చరిక పంపుమని నియమింతురు. రాత్రి బ్యాకప్పు నడుచువేళ అది సహజముగానే నిండి, తెల్లవారునప్పటికి ఖాళీయగును. ఐనను హెచ్చరిక మ్రోగును. ఒక్క రాత్రిలో వందల హెచ్చరికలు మ్రోగినచో కావలివాడు వినుట మానివేయును. పిదప నిజమైన నిప్పు పుట్టినను వానికి వినబడదు. కావున ఇటీవలి సాఫ్టువేర్లలో హెచ్చరికలను పెంచుటకంటె తగ్గించుటకే యెక్కువ శ్రమపడినారు. ఒకే కారణమునుండి పుట్టిన నలువది హెచ్చరికలను ఒక్కటిగా కూర్చుట, ఆగిపోయిన పనిని ఏజెంటే తిరిగి ప్రారంభించి అది ఫలింపనప్పుడే మనుష్యుని లేపుట, ప్రతిరాత్రి జరుగు సహజపు హెచ్చుతగ్గులను వేఱుగా నెఱుగుట మొదలైనవి అట్టివి. నా మేనల్లుడు ఈ మార్పులను మెచ్చుకొనుచు, ‘‘మామయ్యా, ఇప్పుడు రాత్రికి రెండుసార్లు భోజనము చేయుటకు తీరిక దొరకుచున్నది,’’ అనెను. వాని దృష్టిలో శాస్త్రాభివృద్ధి యనగా నిదియే కాబోలు!

ఇక చక్కబెట్టుట. ఇందు ముఖ్యమైనది ప్యాచీలు వేయుట. సాఫ్టువేరులో దొంగలు చొరబడగల కన్నము బయటపడినప్పుడు దానిని తయారుచేసినవారు పంపు మాసికనే ప్యాచీ యందురు. మాసిక వచ్చినంత మాత్రమున చాలదు, గుడ్డకు వేయవలెను. 2017 మార్చి 14న మైక్రోసాఫ్టు కంపెనీ విండోస్‌లోని యొక కన్నమునకు ప్యాచీ విడుదల చేసినది. వేయనివారు లక్షలకొలది మిగిలిపోయిరి. మే 12న ‘వానాక్రై’ అను తెగులు ఆ కన్నముననే దూరి, దస్తరములకు తాళములు వేసి, విప్పుటకు సొమ్మడిగెను. బ్రిటనులో వైద్యశాలలు రోగులను త్రిప్పి పంపవలసివచ్చినది. మన ఆంధ్రప్రదేశమున కొన్ని పోలీసు కంప్యూటర్లును దానిపాలైనవి. రెండు నెలల గడువున్నను మాసిక పడలేదు. అందుచేత ప్యాచీలను కాలయాపన లేక అన్ని యంత్రములకును వేయుట ఈ సాఫ్టువేరునకు ప్రధానధర్మ మైనది.

అయితే త్వరపడుటయందును ప్రమాదమున్నదని 2024 జూలై 19న తెలిసినది. క్రౌడ్‌స్ట్రైక్ అను రక్షణ సాఫ్టువేరు కంపెనీ పంపిన యొక చిన్న మార్పులో దోషముండెను. ఆ సాఫ్టువేరు మనము చెప్పుకొనుచున్న తెగకు చెందినది కాదు గాని, అదియు ప్రతి యంత్రమున ఏజెంటు నుంచి దూరమునుండి ఆజ్ఞలు పంపునదే. దోషమును గుర్తించి 78 నిమిషములలో వెనుకకు తీసికొనిరి. ఆలోపలనే సుమారు 85 లక్షల కంప్యూటర్లు కూలినవని మైక్రోసాఫ్టు లెక్క కట్టినది. హైదరాబాదు విమానాశ్రయమున ప్రయాణికులకు చీటీలు చేతితో వ్రాసియిచ్చిరి. అన్నిటికంటె విచిత్ర మేమనగా, కూలిన యంత్రమును దూరమునుండి లేపుటకు వీలులేకపోయినది. యంత్రము నిలిచియున్నప్పుడే గదా ఏజెంటు పలుకుట! మనుష్యులు ఊరూర తిరిగి ఒక్కొక్కదానిని చేతితో బాగుచేసిరి.

ప్యాచీలను వలయములుగా పంపు పద్ధతి అంతకుముందే కలదు గాని, ఆ దినము తరువాత దానిని నిర్లక్ష్యము చేసినవారు తక్కువ. మొదటి వలయమున పది యంత్రములు, అవియు తమ సొంత కార్యాలయపువి. ఒకటి రెండు దినములు చూచి, అవి క్షేమముగా నున్నచో రెండవ వలయమున వంద, ఆ పిదప తక్కినవన్నియు. ఎక్కడనైనను కూలుట యెక్కువైనచో సాఫ్టువేరే తనంతట పంపిణీ నాపును. క్రొత్త విత్తనమును మొదట ఒక మడిలో వేసి చూచు రైతునకు ఇది వివరింప నక్కరలేదు. కన్నము మిక్కిలి ప్రమాదకరమైనదైనచో ఈ యాలస్యమును తగ్గించుటకును ఏర్పాటుండును. ఏది యెంత త్వరగా వేయవలెనను నిర్ణయమే ఆ యుద్యోగికి నేడు పెద్ద పరీక్ష.

ఇప్పుడు ఆ పెద్దల ప్రశ్నలోని చివరిమాటకు వచ్చెదను. దూరమున నున్నవాడు మన లెక్కలు చూడగలడా? తెరమీద తెఱచియున్నదానిని తప్పక చూడగలడు. యంత్రముపై సర్వాధికార మిచ్చియున్నచో అందలి దస్తరములను తెఱువనుగలడు. వాడు సజ్జనుడైనను సరిపోదు. వాని చేతి తాళపుగుత్తి దొంగకు చిక్కిన నేమగును?

అది జరిగినది. కసేయా అనునది అమెరికాలో ఫ్లోరిడాయందలి కంపెనీ. అది వి.ఎస్.ఏ. అను ఆర్.ఎం.ఎం. సాఫ్టువేరును తయారుచేసి, ఇతరుల కంప్యూటర్లను బాగుచేయు సంస్థలకు అమ్మును. అందలి కన్నములను నెదర్లాండ్సులోని కొందఱు స్వచ్ఛందకార్యకర్తలు 2021 ఏప్రిలులోనే కనిపెట్టి గుట్టుగా కంపెనీకి తెలిపిరి. కంపెనీవారు ఒక్కొక్కటి పూడ్చుచుండిరి. అంతలో జూలై 2న, అమెరికా స్వాతంత్ర్యదినపు సెలవులకై జనులు ఇండ్లకు పోవుచున్న శుక్రవారమున, ఆర్ ఈవిల్ అను దొంగల ముఠా మిగిలిన కన్నమున ప్రవేశించినది. వారు ఒక్కొక్క కార్యాలయపు గోడను త్రవ్వలేదు. కేంద్రపు ఆజ్ఞనే తమ ఆజ్ఞగా మార్చి, క్రొత్త మరమ్మతు అను పేరుతో ఏజెంట్లకు విషమును పంపిరి. ఏజెంటు విధేయుడు, యజమాని గొంతు విన్నంతనే చేయును. ఆ ఏజెంటు ఉండు తావును తనిఖీ చేయవలదని వైరసును పట్టు ప్రోగ్రాములకు ముందుగనే చెప్పియుండుటచే కావలికుక్కయు మొరగలేదు.

నేరుగా దెబ్బతిన్న సేవాసంస్థలు అరువదికి లోపే. వారి చేతిక్రింద నుండి నష్టపడిన వ్యాపారములు 1,500 వరకు నుండునని కంపెనీయే యంచనా వేసినది. స్వీడనులో కోఆప్ అను సహకార దుకాణముల సంస్థ తన సుమారు 800 అంగళ్లను మూసికొనవలసివచ్చినది. డబ్బు లెక్కించు యంత్రములు పనిచేయలేదు. వారు కసేయా పేరైనను విని యుండనక్కరలేదు. వారికి సరకు యంత్రములు చూచువారు, ఆ చూచువారికి మఱియొకరు, వారికి కసేయా. దొంగలు మొత్తముగా 7 కోట్ల డాలర్లడిగిరి. సుమారు మూడు వారములకు తాళము విప్పు సాధనము కంపెనీకి లభించినది. అంతవరకు ఆ చిన్న వ్యాపారుల గతి యేమైయుండునో సహకార దుకాణము నడిపిన మీకు నేను చెప్పవలెనా?

దీని తరువాతి క్రొత్త యేర్పాటులలో నాకు మేలుగా తోచినవి ఆ పొడుగుచేతికి కట్లు వేయునవే. సంకేతపదముతోపాటు ఫోనునకు వచ్చు రెండవ గుర్తు చూపనిదే కేంద్రమున ప్రవేశము లేకుండుట యిప్పుడు పెక్కిట తప్పనిసరి. అన్ని యంత్రములమీద ఒక్కసారి నడుపు ఆజ్ఞకు రెండవ యుద్యోగి సమ్మతి కావలెనని నియమింపవచ్చును. ఒకరికి చూచు అధికారము మాత్రమే, ఒకరికి ప్యాచీలు వేయు అధికారము మాత్రమే పంచి యీయవచ్చును. దూరమునుండి ఎవరైనను తెరను పట్టుకొనుటకుముందు ఎదుట కూర్చున్నవాని యనుమతి యడుగునట్లును, ఎవడు ఎప్పుడు వచ్చి యేమి చేసెనో చెరుపరాని పట్టికలో నమోదగునట్లును అమర్చవచ్చును. ఇవన్నియు సాఫ్టువేరులో నున్నంత మాత్రమున అమలులో నున్నవని తలంపరాదు. అడిగి పెట్టించుకొన్నవారికే కలవు.

కృత్రిమమేధ యను క్రొత్త సొమ్మును కూడ వీటికి తొడుగుచున్నారు. ఏమి చేయవలెనో మాటలలో చెప్పినచో ఆజ్ఞావళిని అదియే వ్రాసి యిచ్చును. వందపుటల నమోదులను పది పంక్తులలో సంగ్రహించును. సంగ్రహించుట వఱకు నా కభ్యంతరము లేదు. వ్రాసిన యాజ్ఞను చదువకయే వేయి యంత్రములమీద విడుచువాడు, దిద్దని జవాబుపత్రములకు మార్కులు వేయు పంతులువంటివాడు.

ఇంకొక సంగతి మీ యింటిదాక వచ్చును. ఈ దూరహస్తపు సాధనములు తక్కువ ఖరీదుకు, కొన్ని ఉచితముగాను దొరకుటచే దొంగలు స్వయముగా తయారుచేసికొనుట మానిరి. బ్యాంకువాడనని ఫోను చేసి, ఎనీడెస్క్ అను యాప్‌ను మీచేతనే ఫోనులో పెట్టించి, అందు కనబడు సంఖ్యను చెప్పుమందురు. చెప్పి, అది యడుగు అనుమతులను కూడ ఇచ్చినచో మీ ఫోను వారి చేతిలోనిదే. రిజర్వు బ్యాంకు 2019 ఫిబ్రవరిలోనే దీనిని గూర్చి హెచ్చరించినది. ఆ యాప్ దొంగది కాదు, సక్రమమైన పనిముట్టే. కత్తి కూరగాయలను తఱుగును, జేబును కోయును. సంఘపు కంప్యూటరునకు ఒప్పందమున్న మరమ్మతుదారుడు వచ్చుట వేఱు, మనము పిలువని గొంతు సంఖ్య యడుగుట వేఱు.

నేనీ సంగతులన్నియు చెప్పిన పిమ్మట ఆ పెద్దలు ఊరకుండలేదు. యంత్రమును చూచు కంపెనీకి వ్రాసి, గడచిన మూడు నెలలలో దూరమునుండి ఎవరెవరు ఎన్నిసార్లు వచ్చిరో పట్టిక తెప్పించిరి. అందు పదునొకండు పర్యాయములున్నవి. కార్యదర్శి యెఱిగినవి తొమ్మిది. తక్కిన రెండును రాత్రివేళ ప్యాచీలు వేయుటకు వచ్చినవని కంపెనీవారు సంతకముతో వ్రాసి యిచ్చిరి. ఇకమీదట ముందుగా తెలిపి వచ్చెదమనియు, తెరమీద అనుమతి యడుగు నేర్పాటు చేసితిమనియు దానిక్రింద చేర్చిరి. పాలకవర్గము ఆ కాగితమును మినిట్సు పుస్తకమున నంటించినది.