అండమాన్ వెళ్ళే పెద్దలకు: చివరి రోజు ఖాళీగా ఉంచుకోండి

పోయిన చలికాలం మన సంఘం నుంచి పదకొండు మందిమి అండమాన్ వెళ్ళి వచ్చాం. అప్పటి నుంచి ఎదురుపడ్డ వాళ్ళంతా ఖర్చెంతయింది, తిండి దొరుకుతుందా అని అడుగుతున్నారు. అందుకే ఒకచోట రాస్తున్నాం.

ముందు మా పొరపాటు. ఏజెంటు ఇచ్చిన కాగితంలో పొద్దున హేవలాక్ నుంచి బోటు, అదే మధ్యాహ్నం తిరుగు విమానం అని ఉంది. చదివే సంతకం పెట్టాం. ఆ పొద్దున గాలి లేచింది, బోట్లు ఆపేశారు. విమానం వెళ్ళిపోయింది. మర్నాడు అప్పటి ధరకు పదకొండు టికెట్లు మళ్ళీ కొన్నాం. మాలో ఒకాయన మోకాలి ఆపరేషన్‌కు దాచుకున్న డబ్బు అందులో పోయింది. ఉద్యోగమంతా ఫైళ్ళు చదివినవాళ్ళం, ఆ ఒక్క కాగితం సరిగా చదవలేదు. కాబట్టి దీవులన్నీ ముందే చూసేసి, విమానానికి ముందు రోజంతా పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉండండి.

ఊళ్ళ పేర్లు మారాయి. హేవలాక్‌ను 2018లో స్వరాజ్ ద్వీప్ అన్నారు, నీల్‌ను షహీద్ ద్వీప్ అన్నారు. పోర్ట్ బ్లెయిర్ 2024 నుంచి శ్రీ విజయపురం. టికెట్ మీద కొత్త పేరు చూసి కంగారు పడకండి.

నవంబరు చివరి నుంచి ఏప్రిల్ దాకా మంచి కాలం. ఖర్చులో పెద్ద వాటా విమానానిదే. రైల్లో సికింద్రాబాద్ చేరి హైదరాబాద్ నుంచి ఎక్కవచ్చు, లేదా చెన్నై నుంచి. రెండు నెలల ముందే కొనండి. ఓడలో రెండున్నర, మూడు రోజులు పడుతుంది. మన వయసుకు అది వద్దు. దీవుల మధ్య ప్రైవేటు బోటుకు ఒక వైపే వెయ్యి దాటుతుంది. సర్కారు బోటు బాగా చౌక, కానీ నెమ్మది, సీట్లు త్వరగా అయిపోతాయి.

చేపలు తినేవాళ్ళకు పండగే. సుర్మాయి అక్కడ తాజాగా దొరుకుతుంది. శాకాహారులకు అన్నం, పప్పు, ఇడ్లీ దొరుకుతాయి. కూరగాయలు చాలావరకు ఓడల మీద వస్తాయి కాబట్టి ధర మన ఊరికంటే ఎక్కువే. జొన్నరొట్టె మీద ఆశ పెట్టుకోకండి. కందిపొడి, అటుకులు పట్టుకెళ్ళండి. పచ్చడి సీసా చేతి సంచిలో పెడితే విమానాశ్రయంలో తీసేస్తారు, పెద్ద పెట్టెలో వేయండి. పూజ సామానులో ఎండుకొబ్బరి ఉంటే ఇంట్లోనే వదిలేయండి, విమానంలో రానివ్వరు. బీపీ, షుగర్ మాత్రలు మాత్రం చేతి సంచిలోనే, నాలుగు రోజులవి ఎక్కువగా. చిన్న దీవుల్లో పెద్దాసుపత్రి ఉండదు.

సెల్యులార్ జైలుకు ఒక పూట పూర్తిగా ఇవ్వండి. 1906లో కట్టడం పూర్తయినప్పుడు ఏడు రెక్కలు, ఇప్పుడు మూడే మిగిలాయి. మన మరాఠీ మిత్రులు సావర్కర్ గది చూడమంటారు, చూడండి. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొర కూడా అండమాన్‌లోనే శిక్ష అనుభవించాడు. 1937లో విడుదలై, 1952లో లోక్‌సభకు ఎన్నికయ్యాడు. అంతకుముందే, 1857 జూలైలో హైదరాబాద్ రెసిడెన్సీ మీద దాడి చేసిన మౌల్వీ అల్లావుద్దీన్‌ను ఈ దీవులకే పంపారు. ఆయన ఇక్కడే చనిపోయాడు. అప్పుడు మన నాందేడ్ కూడా ఆ నిజాం రాజ్యం లోదే కదా.

బారాటాంగ్ దారి జరావాల అడవి గుండా పోతుంది. వాళ్ళ ఫోటో తీయడం, తినడానికి ఏమైనా ఇవ్వడం నేరం. గుహల దాకా నడక కూడా ఉంది, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు మానేయండి. తీరంలో ఏరిన గవ్వలు, పగడపు ముక్కలు మనవళ్ళకని మూటగట్టకండి, అదీ చట్ట విరుద్ధమే.

భాషకు ఇబ్బంది లేదు, హిందీ అంతటా నడుస్తుంది. బజారులో శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు. మా మాట విని ఒకామె "ఏ ఊరండీ మీది?" అని అడిగింది. నాందేడ్, మహారాష్ట్ర అన్నాం. "అక్కడ కూడా తెలుగోళ్ళు ఉన్నారా!" అని ఆశ్చర్యపోయింది. మేమూ ఆమెను అదే అడగబోయాం.